స్టెప్నీ మేం చూసుకున్నాం, రోడ్డును ఎవరు చూస్తారు?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి గోదావరి తీరానికి కారులో వెళ్ళాలంటే మా ఇంట్లో పక్షం రోజుల ముందే ఒక జాబితా తయారవుతుంది. ఈసారి దాన్ని మా అమ్మాయి రాసింది. నాలుగు టైర్లలో గాలి, స్టెప్నీలోనూ గాలి. బ్రేకులు, వైపర్లు, మంచులో వేసుకునే దీపాలు. ఫాస్టాగ్‌లో డబ్బు. ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ కాగితాలు. వెనక కూర్చునేవాళ్ళకూ బెల్టులు. రెండు గంటలకొకసారి ఆగడం. మంచినీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వాంతుల మాత్రలు. హైవే సహాయానికి 1033, అత్యవసరానికి 112. ఊరి నుంచి మా అమ్మ ఫోనులో చేర్పించిన ఆఖరి వాక్యం: "రాత్రిపూట బయల్దేరకండి బాబూ, తెల్లారాకే కదలండి."

మంచి జాబితా. ఇందులో కొట్టేయవలసినది ఒక్కటీ లేదు. మీరూ ఇలాంటిది రాసుకోండి, ప్రతి అంశాన్నీ పాటించండి. అయితే రాజకీయాలు రాసేవాడి అలవాటు కొద్దీ నేను ఆ కాగితాన్ని రెండోసారి చదివాను. ప్రతి పంక్తి వెనకా తన పని తాను చేయని ఒక ప్రభుత్వ శాఖ కనిపించింది. మనం ఇంట్లో కూర్చుని రాసుకుంటున్నది ప్రయాణపు ఏర్పాట్లు అనుకుంటున్నాం. నిజానికి ప్రభుత్వం వదిలేసిన బాధ్యతలను ఒక్కొక్కటిగా మన భుజాలకెత్తుకుని, వాటికి 'జాగ్రత్తలు' అని పేరు పెట్టుకుంటున్నాం.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. 2023లో ఆ సంఖ్య 1,72,890కి పెరిగింది. రోజుకు 470 మందికి పైగా. 2022 మృతుల్లో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ళ మధ్యవారు, అంటే ఇంటికి అన్నం పెట్టేవారు. ఒకే ఊళ్ళో ఒకే రోజు 470 మంది చనిపోతే అసెంబ్లీ స్తంభిస్తుంది, విచారణ కమిషన్ పడుతుంది, మంత్రి రాజీనామాకు పట్టుబడతారు. దేశమంతటా విడివిడిగా, ఒక మలుపు దగ్గర ఇద్దరూ ఒక వంతెన దగ్గర ముగ్గురూ పోతే అది జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త. అలాంటి వార్తలు దిద్దిన డెస్కుల్లో నేనూ కూర్చున్నాను. 'అతివేగమే ప్రమాదానికి కారణమని పోలీసులు తెలిపారు' అనే ముగింపు వాక్యం మా వృత్తిలో అందరికీ కంఠస్థం. ఆ వాక్యం సంగతి తర్వాత చెబుతాను.

తెల్లారాకే ఎందుకు?

ముందు అమ్మ మాట. పండుగకు రెండు రోజుల ముందు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు వద్ద బారులు తీరిన కార్లను టీవీలు ఏటా చూపిస్తాయి. ఆ కార్లలో చాలావాటిని నడుపుతున్నది పగలంతా ఆఫీసులో పనిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి, సామాను సర్ది, నిద్ర లేకుండా బయలుదేరిన మనిషే. అలసిన కళ్ళతో స్టీరింగ్ పట్టుకోవడం తప్పని సలహాదారులు అంటారు. తప్పే. కానీ ఆ తప్పు సెలవుల పట్టికలో పుట్టింది. భోగి ముందు రోజు సాయంత్రం దాకా ఉద్యోగిని కుర్చీకి కట్టేసి, కనుమ మర్నాడు పొద్దున్నే మళ్ళీ హాజరు వేయమంటే అతను రాత్రికి రాత్రి కాక ఎప్పుడు వెళతాడు, ఎప్పుడు తిరిగి వస్తాడు? రెండు రాష్ట్రాల నుంచి లక్షలాది మంది ఒకే రాత్రి ఒకే రోడ్డెక్కుతారని అందరికీ తెలిసినప్పుడు, సెలవులను రెండు మూడు రోజులు అటూ ఇటూ సర్దించే బాధ్యత ప్రభుత్వానిది కాదా? అదనపు టోల్ కౌంటర్ల గురించి సమీక్షా సమావేశాలు జరుగుతాయి. సెలవుల గురించి ఒక్కటీ జరగదు.

రాత్రి ప్రమాదకరం కావడానికి చీకటి ఒక్కటే కారణం కాదు. జనవరిలో నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ మీదుగా తెల్లవారుజామున వెళ్ళినవారికి ఆ మంచు ఎంత చిక్కనో తెలుసు. ఆ మంచులో వెనక దీపాలు వెలగని, రిఫ్లెక్టర్ పట్టీ లేని లారీ రోడ్డు అంచున సగం లోపలికి ఆగి ఉంటుంది. కారు దాని కిందికి దూరిపోయాక తప్పు కారుదే అని తేలుతుంది. లారీ అక్కడ ఎందుకు ఆగిందని అడిగేవారుండరు. మూడు వందల కిలోమీటర్లు నడిపిన డ్రైవరుకు బండి పక్కకు పెట్టి రెండు గంటలు పడుకోవడానికి చోటు ఉండదు. ఉన్న చోట మరుగుదొడ్డి ఉండదు. కొన్ని చోట్ల పోలీసులు అర్ధరాత్రి వాహనాలు ఆపి డ్రైవర్లకు నీళ్ళిచ్చి ముఖం కడిగించి పంపుతున్నారు. వాళ్ళ మంచితనానికి దణ్ణం పెట్టాలి. విశ్రాంతి కేంద్రం కట్టవలసిన ప్రభుత్వం చెంబుడు నీళ్ళతో సరిపెట్టుకోవడాన్ని మాత్రం అడిగి తీరాలి.

పదిమంది పోతేనే బ్లాక్ స్పాట్

'బ్లాక్ స్పాట్ల దగ్గర నెమ్మదిగా వెళ్ళాలి' అనేది జాబితాలో మరో పంక్తి. ఈ మాటకు జాతీయ రహదారుల విషయంలో ఒక అధికారిక నిర్వచనం ఉంది. సుమారు 500 మీటర్ల నిడివిలో, వరసగా మూడేళ్ళలో, మరణాలకో తీవ్ర గాయాలకో దారితీసిన ప్రమాదాలు 5 జరగాలి. లేదా 10 మంది చనిపోవాలి. అప్పుడది బ్లాక్ స్పాట్. ఈ నిర్వచనాన్ని ఇంకోసారి చదవండి. ఒక మలుపు తప్పుగా వేశారని, ఒక ఊరి దగ్గర అండర్‌పాస్ లేదని, డివైడర్‌లో అడ్డదిడ్డంగా సందు వదిలారని ప్రభుత్వం అధికారికంగా గుర్తించాలంటే ముందు మనుషులు ఒక నిర్ణీత సంఖ్యలో పోవాలి. తొమ్మిదో శవం దాకా అది మామూలు రోడ్డే. గుర్తించాక హెచ్చరిక బోర్డు వస్తుంది, తాత్కాలికంగా ప్లాస్టిక్ డబ్బాలు అడ్డం పెడతారు, శాశ్వత పనికి అంచనాలు, టెండర్లు, కోర్టు కేసులు. ఆ ఊరివాళ్ళు ఈలోగా బస్సు ఎక్కడానికి ఆరు వరుసల రోడ్డును పరిగెత్తి దాటుతూనే ఉంటారు.

దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతం. 2022లో రోడ్డు మరణాల్లో 36 శాతం వాటి మీదే జరిగాయి. 2014లో 91 వేల కిలోమీటర్లున్న జాతీయ రహదారులు పదేళ్ళలో 1.46 లక్షల కిలోమీటర్లకు పెరిగాయని ప్రభుత్వం చెప్పుకుంటుంది. అది నిజమైన విజయమే, కాదనను. రోజుకు ఎన్ని కిలోమీటర్లు వేశామన్న లెక్క ప్రతి ఎన్నికల సభలో వినిపిస్తుంది. వేసిన కిలోమీటరుకు ఎందరు పోయారన్న లెక్క ఏ సభలోనూ వినిపించదు. పొగడ్తకు పనికొచ్చే కొలమానాన్ని ఎంచుకోవడం కూడా రాజకీయమే.

హైదరాబాద్–బెంగళూరు రహదారినే తీసుకోండి. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఒక ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొని తగలబడి 45 మంది సజీవ దహనమయ్యారు. అప్పుడు కమిటీలు, తనిఖీలు, అత్యవసర ద్వారాల గురించి ప్రకటనలు. పన్నెండేళ్ళకు, 2025 అక్టోబరు 24న, అదే రహదారిపై కర్నూలు దాపున చిన్నటేకూరు దగ్గర మరో బస్సు రోడ్డుపై పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను ఈడ్చుకెళ్ళి మంటల్లో చిక్కుకుంది. 19 మంది ప్రయాణికులు బూడిదయ్యారు. మళ్ళీ తనిఖీలు, మళ్ళీ అత్యవసర ద్వారాలు. పన్నెండేళ్ళలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండైంది. కిటికీ అద్దం పగలగొట్టుకుని బయటపడవలసిన ప్రయాణికుడి పరిస్థితి మారలేదు.

జాబితా ఎంత పకడ్బందీగా ఉన్నా చాలదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ. 2025 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాకు వెళ్ళి మినీ బస్సులో తిరిగొస్తున్న హైదరాబాద్ నాచారం వాసులు ఏడుగురు మధ్యప్రదేశ్‌లో జబల్‌పూర్ దగ్గర సిహోరా వద్ద చనిపోయారు. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చిన లారీ వాళ్ళ బండిని ఢీకొట్టింది. వాళ్ళు టైర్లలో గాలి చూసుకుని ఉండవచ్చు, మంచినీళ్ళు పెట్టుకుని ఉండవచ్చు. నాలుగు వరుసల జాతీయ రహదారిపై ఎదురుగా లారీ వస్తుందన్న అంశాన్ని ఏ ఇల్లాలు ఏ జాబితాలో రాసుకుంటుంది?

బెల్టు, బిల్లు

వెనక సీటు బెల్టు విషయంలో మాత్రం తప్పు ముమ్మాటికీ మనది కూడా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వెనక కూర్చునేవారికీ బెల్టు తప్పనిసరి అని ఏనాటి నుంచో ఉంది. పాటించేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర వంతెన గోడను కారు ఢీకొని పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు, ఖరీదైన కారు కూడా బెల్టు లేని వెనక సీటును కాపాడలేదని దేశానికి తెలిసింది. ఆ ఏడాది బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మందని రవాణా శాఖ లెక్క. వారిలో దాదాపు సగం డ్రైవర్లు కాదు, ప్రయాణికులే. కాబట్టి బామ్మకు ఇబ్బందిగా ఉందని, పట్టుచీర నలుగుతుందని, ముందు సీట్లో బాబును ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ముద్దుగా ఉంటుందని బెల్టు వదిలేయకండి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఒళ్ళోని పిల్లాడే మొదట దెబ్బతింటాడు.

ఈ విషయంలో మన పాలకులు మనకు పాఠం చెప్పే స్థితిలో లేరు. తెలుగు రాజకీయాల జ్ఞాపకాల్లో రోడ్డు ప్రమాదాల పుట ఎంత పెద్దదో చూడండి. 2012 నవంబరులో శ్రీకాకుళం జిల్లాలో ఎర్రన్నాయుడు. 2013 ఆగస్టు 15న నల్లగొండ జిల్లాలో లాల్‌జాన్ బాషా. 2014 ఏప్రిల్‌లో, పోలింగ్ ముంగిట, ఆళ్ళగడ్డలో శోభా నాగిరెడ్డి. రోడ్డుపై ధాన్యం కుప్పను తప్పించబోయి కారు పల్టీ కొట్టిందని అప్పటి వార్తలు. 2018 ఆగస్టులో నల్లగొండ దగ్గర హరికృష్ణ. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డుపై యువ ఎమ్మెల్యే లాస్య నందిత. పార్టీలు వేరు, జిల్లాలు వేరు, రోడ్డు ఒకటే. ప్రతిసారీ సభలో సంతాప తీర్మానం, రెండు నిమిషాల మౌనం. ఆ మౌనం ఇప్పటికీ కొనసాగుతోంది. రైతు ధాన్యాన్ని రోడ్డుపై ఎందుకు ఆరబోస్తున్నాడు, ఊరికో కల్లం ఎందుకు లేదు అన్న ప్రశ్నను ఒక ఎమ్మెల్యే ప్రాణం పోయాక కూడా ఏ సభా గట్టిగా అడగలేదు.

ఢిల్లీదీ అదే కథ. 2014 జూన్ 3న, ప్రమాణం చేసి పది రోజులైనా కాకముందే, కేంద్రమంత్రి గోపీనాథ్ ముండే రాజధాని నడిబొడ్డున ప్రమాదంలో చనిపోయారు. ఆ దుఃఖంలో కొత్త రోడ్డు భద్రతా చట్టం తెస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో ముసాయిదా బిల్లు బయటికొచ్చింది. అందులో గట్టి శిక్షలున్నాయి, స్వతంత్ర అధికారం గల జాతీయ సంస్థ ఉంది. ఆ తర్వాత వచ్చిన ఒక్కో ముసాయిదాలో ఒక్కో పన్ను రాలింది. చివరికి ఆ బిల్లు పోయి, పాత మోటారు వాహనాల చట్టానికి సవరణగా 2019లో మిగిలింది. అందులో ఒక జాతీయ రోడ్డు భద్రతా మండలి ఉంది, కానీ అది సలహాలిచ్చే మండలి. సలహాలు మనకు కొదవా?

2019 సవరణలో రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చూస్తే చట్టం ఎవరిని చూసి భయపడుతుందో తెలుస్తుంది. మైనరు కొడుకు బండి నడిపితే తండ్రికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా. సరైన శిక్షే. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోతే కాంట్రాక్టరుకో, కన్సల్టెంటుకో, అధికారికో 198ఏ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా. జైలు లేదు. వందల కోట్ల ప్యాకేజీ దక్కించుకున్న కాంట్రాక్టరుకు లక్ష రూపాయలు ఎంత? ఒకరోజు డీజిల్ ఖర్చుకూ చాలవు. ఆ లక్షయినా కట్టిన వార్త మీరు ఎన్నిసార్లు చదివారు?

ఒక గంట కోసం ఆరేళ్ళు

మా అమ్మాయి జాబితాలో ఫోను నంబర్లున్నాయి. ఈ విషయంలో తెలుగువాళ్ళం గర్వపడవచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి మొదలైన 108 అంబులెన్సు తర్వాత అనేక రాష్ట్రాలకు నమూనా అయింది. కానీ అంబులెన్సు మనిషిని ఎక్కించుకున్నాక ఎక్కడికి తీసుకెళుతుంది? హైవే పక్క పట్టణపు ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఉంటే మత్తు డాక్టరు ఉండడు. ఇద్దరూ ఉంటే రక్తం ఉండదు. 'పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి' అనే చీటీతో మరో వంద కిలోమీటర్లు. పెద్దాస్పత్రి కౌంటరులో ముందు అడిగేది డబ్బు గురించే.

గాయపడిన తొలి గంటలో డబ్బు అడగకుండా వైద్యం చేయాలని, అందుకు కేంద్రం పథకం రూపొందించాలని 2019 సవరణ చట్టమే చెప్పింది. చట్టం చెప్పినా పథకం రాలేదు. 2025 జనవరి 8న సుప్రీంకోర్టు గడువు పెట్టింది. గడువు దాటాక మళ్ళీ మందలించింది. చివరికి 2025 మే 5న పథకం నోటిఫై అయింది: ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల వరకు నగదు రహిత చికిత్స. ఒక గంట కోసం రాసిన సెక్షన్ అమలుకు దాదాపు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో ఎందరికి ఆ గంట దక్కకుండా పోయిందో ఏ శ్వేతపత్రమూ చెప్పదు. ఈ పథకం గురించి మీ జాబితాలో రాసుకోండి, ఆస్పత్రిలో గట్టిగా అడగండి. అలాగే ఇంకో మాట: దారిలో గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చినవారిని పోలీసులు సాక్ష్యం కోసం వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, చట్టంలోనూ చేరింది. ఆపి సాయం చేయండి. రేపు మన కోసం ఆగేదీ అలాంటివారే.

మన ఇంటి వైపు చూసుకుంటే

ప్రభుత్వాన్ని తిట్టడం సులువు, అలవాటు కూడా. కాబట్టి రెండు మాటలు మనల్ని గురించి.

తిరుపతికో అరుణాచలానికో శ్రీశైలానికో ఏడు సీట్ల కారు అద్దెకు తీసుకుంటాం. రాత్రి పదింటికి బయలుదేరితే తెల్లవారికి దర్శనం క్యూలో ఉండవచ్చని లెక్క. మనం గదిలో పడుకుంటాం, డ్రైవరు కారు సీటు వెనక్కి వాల్చుకుని దోమల మధ్య పడుకుంటాడు. మర్నాడు దర్శనం కాగానే 'ఇంకో రెండు గుళ్ళు చూపించి రాత్రికి ఇల్లు చేర్చెయ్ బాబూ' అంటాం. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నుంచి 2025 దాకా ఉండేది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అనేది. ఆ చట్టం మన అద్దె కారు దాకా రాలేదు. ఒకటి రెండు బళ్ళున్న యజమానికి అది వర్తించేది కాదు. కానీ మనకు మనస్సాక్షి వర్తిస్తుంది. ఆరుగురి ప్రాణాలు అతని రెండు కళ్ళలో పెట్టి, ఆ కళ్ళకు నిద్ర కొనకపోవడం ఏ పొదుపు? డ్రైవరుకు ఒక మంచం, వేడి అన్నం మీ జాబితాలో మొదటి పంక్తిగా రాయండి.

రెండో మాట ఇంటి ఆడవాళ్ళ గురించి. కారు ప్రయాణం అంటే వాళ్ళు ముందు రోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు తగ్గిస్తారు. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. వాడదగ్గ మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియదు గనుక. మగవాళ్ళు 'ఎక్కడైనా ఆపుదాం' అని తేలిగ్గా అనే వాక్యంలో సగం కుటుంబం లేదు. టోల్ గేట్ల దగ్గర మరుగుదొడ్లు ఉంటాయి. తలుపుకు గడియ ఉంటుందా, నీళ్ళుంటాయా, రాత్రి దీపముంటుందా అన్నది ఆనాటి అదృష్టం. విహారయాత్రలో ఆనందం అంటే ఏమిటని నన్ను అడిగితే, ఇంట్లో ప్రతి మనిషీ దాహమేసినప్పుడు నిస్సంకోచంగా నీళ్ళు తాగగలగడం అంటాను. ఆ కనీస ఆనందానికీ మనం టోలు కడుతూనే ఉన్నాం.

అతివేగం అనే ముగింపు వాక్యం

ఇప్పుడు ఎదుటివారి వాదన. 2022 మరణాల్లో 71 శాతానికి కారణం అతివేగమని ప్రభుత్వ నివేదికే చెబుతోంది. జనం బుద్ధిగా నడిపితే చాలదా?

వేగం చంపుతుంది. అందులో సందేహం లేదు. ఊరి వీధిలోనూ హైవేలోనూ ఒకే తీరుగా నడిపేవాణ్ణి, తాగి నడిపేవాణ్ణి వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ 71 శాతం ఎక్కడ పుట్టింది? ప్రమాద స్థలానికి వెళ్ళి కాగితం నింపే పోలీసు దగ్గర. అతనికి మలుపు ఏటవాలు కొలిచే పరికరం ఇవ్వలేదు, రోడ్డు ఇంజినీరింగ్ నేర్పలేదు. అతని ముందు నుజ్జయిన బండి ఉంది, ఎక్కించుకోవలసిన శవం ఉంది, నింపవలసిన గడి ఉంది. 'అతివేగం' అని రాస్తే కేసు డ్రైవరుతో ముగుస్తుంది. 'డివైడర్ లోపం' అని రాస్తే మరో శాఖతో తగవు మొదలవుతుంది. చనిపోయిన డ్రైవరు జవాబు చెప్పడు. అదే మా నాలుగు వాక్యాల వార్తలో ఐదో వాక్యం అవుతుంది. అదే గణాంకమై ఢిల్లీ చేరి, అక్కడి నుంచి మనకే ఉపదేశమై తిరిగొస్తుంది.

రోడ్డును, గస్తీని, అంబులెన్సును సరిచేస్తే అదే జనం బతుకుతారని మన దేశమే చూపింది. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వేపై 2016లో 151 మంది చనిపోయారు. ప్రమాదకర స్థలాలను ఒక్కొక్కటిగా సరిదిద్ది, ఆగిన వాహనాలను తొలగించి, నిఘా పెంచాక తర్వాతి ఏళ్ళలో మరణాలు గణనీయంగా తగ్గాయి. తమిళనాడులో 2016లో 17 వేలు దాటిన మరణాలు 2019 నాటికి పదిన్నర వేలకు దిగాయి. తర్వాత మళ్ళీ పెరిగాయన్నదీ నిజమే. పట్టు సడలితే మళ్ళీ అదే కథ అన్నది ఆ పెరుగుదల చెప్పే పాఠం. ఆ మూడేళ్ళలో తమిళుల స్వభావం మారి, మళ్ళీ పాడైందని ఎవరైనా అనగలరా?

పాలకుల స్వభావం గురించి మాత్రం ఒక సాక్ష్యం ఉంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఆదేశించింది. కొన్ని రాష్ట్రాలు ఏం చేశాయి? దుకాణాలను జరపలేదు, రోడ్డు పేరు మార్చాయి. నిన్నటి రాష్ట్ర రహదారి ఒక్క ఉత్తర్వుతో నేడు పట్టణ వీధి అయిపోయింది. రోడ్డు కదలలేదు, దుకాణం కదలలేదు, కాగితం కదిలింది. ఈ తెలివితేటల్లో పదో వంతు డివైడర్ల మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

రెండో జాబితా

2015లో బ్రెజిలియా ప్రకటనపై సంతకం చేసినప్పుడు 2020 నాటికి రోడ్డు మరణాలను సగం చేస్తామని మన దేశం మాట ఇచ్చింది. ఆ గడువు దాటాక 2030 అన్నారు. సగం చేయడం మాట దేవుడెరుగు, పెరిగాయని, అంతర్జాతీయ సమావేశాల్లో ముఖం దాచుకోవలసి వస్తోందని రవాణా మంత్రి గడ్కరీ 2024 డిసెంబరులో లోక్‌సభలోనే ఒప్పుకున్నారు. నిజాయతీని మెచ్చుకుందాం. ఒప్పుకున్న మర్నాడు ఏ పదవీ పోలేదు, ఏ చర్చా ఆగలేదు. మనమూ అడగలేదు.

పొరుగున బంగ్లాదేశ్‌లో అడిగారు. 2018 జులై 29న ఢాకాలో బస్సు కింద పడి ఇద్దరు విద్యార్థులు చనిపోతే బడిపిల్లలు యూనిఫారాలతో రోడ్డెక్కారు. వాహనాలు ఆపి లైసెన్సులు అడిగారు. రాంగ్ రూట్‌లో వచ్చిన మంత్రి కారునూ ఆపారు. దెబ్బలు తిన్నారు, కేసులు మోశారు. ఆ సెప్టెంబరులోనే అక్కడి పార్లమెంటు కొత్త రవాణా చట్టం చేసింది. చట్టంతో అన్నీ బాగుపడలేదు. కానీ రోడ్డు మీది చావు విధి కాదు, రాజకీయం అని ఆ పిల్లలు తేల్చిచెప్పారు. మన పిల్లలకు మనం సీటు బెల్టు గురించి చెబుతున్నాం, అది సగం పాఠమే.

మిగతా సగం ఈ రెండో జాబితా. దీన్ని కారులో కాకుండా ఓటరు చీటీతో పాటు దాచుకోండి. ప్రతి టోల్ గేటు దగ్గరా రుసుము కట్టనవసరం లేని ప్రముఖుల పేర్ల బోర్డు ఒకటి ఉంటుంది. దాని పక్కనే అంతే పెద్ద అక్షరాలతో ఇంకో బోర్డు పెట్టాలి: ఈ టోలు వసూలయ్యే నిడివిలో గత ఏడాది చనిపోయినవారు ఇంతమంది, సరిచేసిన లోపాలు ఇన్ని, బాధ్యుడైన ఇంజినీరు హోదా ఇది. రోడ్డు బాగోకపోతే టోలు ఆగాలి. ఇది అత్యాశ కాదు. కేరళలో పాలియెక్కర టోలును హైకోర్టు 2025 ఆగస్టులో నిలిపివేస్తే సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. గుంతల్లో గంటల కొద్దీ నిలబడడానికి పౌరుడు డబ్బు కట్టనక్కరలేదన్నది దాని సారం. బ్లాక్ స్పాట్ నిర్వచనం పదో మరణం కోసం ఎదురుచూడకూడదు. ప్రతి మరణం తర్వాతా పోలీసుతో పాటు రోడ్డు ఇంజినీరూ సంతకం పెట్టిన నివేదిక బహిరంగం కావాలి. హైవే మీద గంట దూరంలో అన్ని హంగులున్న ఒక ట్రామా కేంద్రం ఉండాలి. లారీకి ఆగే చోటు, ఆడవాళ్ళకు గడియ ఉన్న తలుపు ఉండాలి. ఇవి మీ ఎంపీని, ఎమ్మెల్యేని పేరు పెట్టి అడగండి. పండుగకు ఊరొస్తారు, కోడిపందేల బరి దగ్గరైనా తప్పక కనబడతారు.

మా కారు భోగి ముందు రోజు తెల్లవారాక కదులుతుంది. వెనక సీట్లో బెల్టులు బిగించి ఉంటాయి, స్టెప్నీలో గాలి ఉంటుంది, అమ్మకు మాట ఇచ్చాను. మేం చేయగలిగినదంతా ఆ కాగితం మీద ఉంది. పంతంగి దాటేటప్పుడు ఫాస్టాగ్ కూత వినిపిస్తుంది, ఖాతాలోంచి డబ్బు వెళ్ళిపోతుంది. ఆ క్షణాన ఒక ఒప్పందం కుదురుతుంది. మా వైపు షరతు ఒక్క సెకనులో నెరవేరుతుంది. అటువైపు షరతు నెరవేరిందో లేదో రాజమండ్రి చేరాక గానీ తెలియదు.